ఎంక్వైరీ సిద్దయ్య అడగని ప్రశ్న

మేడ్చల్‌లో సిద్దయ్యలకు కొదవ లేదు. బస్టాండు దగ్గర ఎవరినైనా ఆపి సిద్దయ్య ఇల్లెక్కడ అంటే, "ఏ సిద్దయ్య? మేకల సిద్దయ్యనా, పిండి గిర్ని సిద్దయ్యనా?" అని ఎదురు అడిగేవారు. ఎంక్వైరీ సిద్దయ్య అంటే మాత్రం వెంటబెట్టుకుని వెళ్లి వాకిట్లో దిగబెట్టేవారు. ఆ పేరు ఊరికే రాలేదు మరి! పశువుల డాక్టరు బర్రెకు సూది వేస్తుంటే, బర్రెకు పైదవడలో ముందుపళ్లు ఎందుకుండవని అడిగేవాడు. లైన్‌మన్ కరెంటు స్తంభం ఎక్కితే, తీగ మీది పిట్టకు ఏమీ కాదెందుకని కింద నిలబడి అడిగేవాడు. జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. పెళ్లిచూపులకు పోయి పిల్లను ఒక్క మాటా అడగకుండా, వాళ్ల గోడగడియారం పావుగంట ముందు ఎందుకు నడుస్తోందో కనుక్కుని వచ్చిన మహానుభావుడు. ఆ పిల్ల నవ్వి ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే బ్రహ్మచారిగానే మిగిలేవాడు.

అన్న నర్సయ్య వేరు. మాట తక్కువ, పని ఎక్కువ. శామీర్‌పేట పోయే దారిలో ఆయనకు మూడెకరాల ద్రాక్షతోట ఉండేది. అక్కడివాళ్లు అంగూర్ తోట అనేవారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా రాతి కడీలు, వాటి మీద పందిళ్లు, పందిళ్లకు వేలాడే గుత్తులే. కాపు కాలంలో సిద్దయ్య తన జీపులో అన్న తోట పండ్ల డబ్బాలను సికింద్రాబాద్ మార్కెట్టుకు వేసేవాడు. మిగతా రోజుల్లో పెళ్లి బృందాలను, పురిటి కేసులను, తేలు కుట్టినవాళ్లను వేసుకుని తిరిగేవాడు. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే. వాకిలి ఒకటే, అరుగు ఒకటే, ఆ అరుగు మీది ఫోనూ ఒకటే.

తొంభై నాలుగు మార్చిలో, తోట సగం తెంపిన రోజున, పొద్దు పదకొండు గంటలప్పుడు నర్సయ్య చేతిలోని కత్తెర కింద పెట్టి కడీకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఛాతిల బండ వెట్టినట్టున్నది," అన్నాడు.

కూలీలు గ్యాస్ అన్నారు. ఒకరు పరుగెత్తి గోలీ సోడా తెచ్చారు. తాగాడు, తేన్పు రాలేదు. ఇంకో సోడా తెచ్చారు. ఇట్లా ముప్పావుగంట గడిచింది. కబురు అంది భార్య పద్మమ్మ సిద్దయ్య జీపులో వచ్చేసరికి ఆయన బనీను తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆమె భర్త చెయ్యి పట్టుకుని, ఉలిక్కిపడి, రెండో చెయ్యి కూడా పట్టుకుని చూసింది. బయట ఎండ నెత్తి మాడుస్తోంది. ఆయన చేతులు మాత్రం కుండ నీళ్లలో పెట్టి తీసినట్టు చల్లగా ఉన్నాయి.

"సిద్దయ్యా, బండి దియ్యి. రాజారావు డాక్టర్ తానికి పోదాం. ఆయన చెయ్యి మంచిది," అంది పద్మమ్మ.

చెయ్యి మంచిది అంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎంత చదివాడు, ఎక్కడ చదివాడు అన్నది తర్వాతి సంగతి, ముందు హస్తవాసి ఉందా లేదా? ఉంటే ఆయన ఇచ్చిన రంగునీళ్లూ పనిచేస్తాయి, లేకపోతే సీమమందూ పనిచేయదు. రాజారావు గారిది సికింద్రాబాద్‌లో ఒక సందులో చిన్న దవాఖానా. పద్మమ్మ కొడుకు ఏడాది పిల్లాడప్పుడు టైఫాయిడ్‌తో నీలుక్కుపోతే ఆయనే బతికించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా రాజారావే. ఆమె నోట ఇంకో పేరు వస్తుందని ఎట్లా అనుకుంటాం?

జీపు కొంపల్లి దాటింది, బోయిన్‌పల్లి చేరింది. అక్కడ ఎడమచేతివైపు నాలుగంతస్తుల తెల్ల ఆసుపత్రి ఒకటి ఉండేది. గేటు మీద పెద్ద అక్షరాలతో గుండె జబ్బుల విభాగం అని రాసి ఉంది. సిద్దయ్య చూశాడు. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. వదిన వెనక కూర్చుని అన్న తలను ఒళ్లో పెట్టుకుని, "వచ్చినం, ఇంక జరంత దూరమే. రాజారావు సార్ జూస్తడు," అని ఆయనకు ధైర్యం చెప్తోంది. సిద్దయ్య కాలు తీసేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ కనబడ్డవాడినల్లా అడిగిన మనిషి, ఆ ఒక్కరోజు, ఆ ఒక్క గేటు దగ్గర ఆగి ఎవరినీ ఏమీ అడగలేదు.

రాజారావు మంచివాడే. పాతికమంది చీటీలు పట్టుకుని కూర్చుని ఉన్నా, సంగతి తెలియగానే జీపు దగ్గరికే లేచి వచ్చాడు. నాడి పట్టుకున్నాడు, పట్టీ కట్టి బీపీ చూశాడు.

"ఇది నా దగ్గరయ్యే పని కాదయ్యా. గుండె కొట్టుకుంటోంది గానీ బీపీ అందడం లేదు. వచ్చే దార్లో తెల్ల ఆసుపత్రి లేదూ? అక్కడికి తిప్పు. క్షణం ఆగకు," అన్నాడు.

తిప్పాడు. లారీలు, రిక్షాలు, మధ్యలో ఏదో ఊరేగింపు. తెల్ల ఆసుపత్రి గేటు కనబడేసరికి వెనకనుంచి వదిన ధైర్యం చెప్పడం ఆపేసింది.

దినాలకు వచ్చినవాళ్లందరూ రాత అన్నారు. సిద్దయ్యకు మాత్రం ఒకటే ఆలోచన. మనిషి మాట్లాడుతున్నాడు, గుండె కొట్టుకుంటూనే ఉంది, రాజారావు కూడా కొట్టుకుంటోందనే అన్నాడు. మరి చేతులు ఎందుకు చల్లబడ్డాయి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఫణిభూషణ్ అనే కుర్ర డాక్టరు. మరుసటేడు సిద్దయ్య ఎవరినో తీసుకుని అదే తెల్ల ఆసుపత్రికి పోయి, ఆవరణలో చాయ్ బండి దగ్గర నిలబడి ఉంటే, గుండె వైద్యం నేర్చుకుంటున్న ఆ డాక్టరు నిద్రకళ్లతో టీ కోసం వచ్చాడు. వదులుతాడా సిద్దయ్య! చేతులు చల్లబడడం గురించి అడిగాడు.

"నీకు వ్యవసాయం ఉందా?" అన్నాడు డాక్టరు.

"మా అన్నకు అంగూర్ తోటుండె సార్."

"బోరు మోటారు తిరుగుతూ ఉంటుంది, చప్పుడు వినిపిస్తుంది, కానీ నీళ్లు ఎత్తదు. చూశావా ఎప్పుడైనా?"

"మస్తుసార్లు."

"అప్పుడు తోటలో ముందు ఏ చెట్లు వాడతాయి?"

"ఆఖరుకున్నయి."

"చేతులూ కాళ్లూ ఆఖర్న ఉన్న చెట్లు. గుండెకు నెత్తురు తెచ్చే గొట్టం పూడుకుపోతే గుండె కండలో చాలా భాగం దెబ్బతింటుంది. కొట్టుకుంటుంది గానీ నెత్తురును ఎత్తలేదు. బీపీ పడిపోతుంది, చెమటలు పడతాయి, చేతులు చల్లబడతాయి, మూత్రం ఆగిపోతుంది, మనిషికి మగత కమ్ముతుంది. దాన్ని కార్డియోజెనిక్ షాక్ అంటాం. గుండెపోటు వచ్చిన ప్రతివాడికీ రాదు. వచ్చినవాడికి మాత్రం మామూలు ఆసుపత్రి చాలదు."

సిద్దయ్య ఆ పేరును మూడుసార్లు పలికి చూసుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది. తర్వాత అడిగినవి అన్నీ ఇన్నీ కావు. ఆ గొట్టాన్ని ఎట్లా తెరుస్తారు? కాలి దగ్గర నరంలోంచి తీగ పోనిచ్చి. ఆ తీగ గుండెదాకా పోతుందని లోపల ఎట్లా కనిపిస్తుంది? క్యాత్ ల్యాబ్ అని ఒక గది ఉంటుంది, అందులో ఎక్స్‌రే సినిమాలాగా కదులుతుంది. గుండెకు అంతదాకా ఆసరా ఎట్లా? పెద్ద రక్తనాళంలో ఒక బెలూన్ పెట్టి, గుండె కొట్టుకునే తాళానికి దాన్ని ఊదుతూ దించుతూ సాయం చేస్తారు. దాన్ని ఎవరు నడుపుతారు? డాక్టరొక్కడే కాదు, టెక్నీషియన్ ఉండాలి, నర్సులుండాలి, వెనకాల ఆపరేషన్ చేసే సర్జన్ ఉండాలి.

"అయితే ఒక్క చెయ్యి మంచిదైతే సాలదన్నట్టు," అన్నాడు సిద్దయ్య.

ఫణిభూషణ్ నవ్వాడు. "అందరి చేతులూ ఒకేసారి అక్కడ ఉండాలయ్యా. అదీ కష్టం."

అప్పటినుంచి సిద్దయ్య ఎంక్వైరీకి ఒక దారి దొరికింది. పేషెంటును దించి డ్రైవర్లు బండ్లలో కునుకు తీస్తుంటే, ఇతను ఆసుపత్రి వెనకవైపు తిరిగేవాడు. వాచ్‌మన్‌కు గుత్తి ద్రాక్ష, స్ట్రెచర్ తోసే మనిషికి చాయ్, ఈసీజీ తీసే టెక్నీషియన్‌కు ఒక బీడీ. అక్కడే అసలు సంగతులు తెలిశాయి. బోర్డు మీద పేరున్న పెద్ద డాక్టరు పొద్దున ఒక ఆసుపత్రిలో, మధ్యాహ్నం రెండో ఆసుపత్రిలో, సాయంత్రం మూడో చోట ఉంటాడు. గేటు మీద అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నా లోపల మిషన్ రిపేరులో ఉండొచ్చు. మిషన్ బాగానే ఉంటే దాన్ని నడిపేవాడు బావమరిది పెళ్లికి పోయి ఉండొచ్చు. జబ్బు మనిషిని బండిలో ఎక్కించాక కాదు ఇవి కనుక్కోవలసింది, ఎక్కించకముందే.

ఖాళీ ద్రాక్ష డబ్బా అట్టను చింపి, దాని మీద బొగ్గులాంటి నల్ల పెన్సిలుతో రాసి, అరుగు మీద ఫోను పక్కన మేకుకు తగిలించాడు. పైన ఇంటివాళ్లను అడగవలసినవి. చేతులు సల్లగున్నయా? సోయిలో ఉన్నడా? ఒంటికి పోయిండా? చేతులు, తెలివి, మూత్రం, డాక్టరు చెప్పిన గుర్తులే ఈ మూడూ. కింద ఆసుపత్రిని అడగవలసినవి. క్యాత్ ల్యాబు ఇయ్యాల నడుస్తున్నదా? గొట్టం తెరిచే డాక్టరు లోపలున్నడా, లేకుంటే ఎంతసేపట్ల వస్తడు? బెలూన్ పంపు ఖాళీగున్నదా? మొదటి మూడింటికీ జవాబులు చెడ్డగా వస్తే కింది మూడూ అడిగి, మూడింటికీ అవునన్న చోటికి బండి తీసేవాడు. డాక్టర్ల పేర్లు ఆ అట్ట మీద రాయలేదు. పేరు రాస్తే జనం మళ్లీ పేరు వెంటే పోతారని అతని భయం.

మొదట్లో ఊరివాళ్లు నవ్వారు. "మనిషి సస్తుంటె వీడు ఫోన్ల సంసారం వెడుతుండు," అన్నారు. రెండు మూడేళ్లకు ఆ నవ్వు తగ్గింది. గుండ్లపోచంపల్లి నుంచి, దుండిగల్ నుంచి, శామీర్‌పేట అవతలి ఊళ్ల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. తీసుకుపోయినవాళ్లందరూ బతికారా అంటే లేదు. షాక్‌లో పోయినవాళ్లలో సగానికి మించే పోయారు. ఆ ఇళ్లకు దినాలకు వెళ్లి వచ్చి, ఆ రోజు ఎవరిని ఏం అడిగాడో, ఎవరేం చెప్పారో సిద్దయ్య మళ్లీ మొదటినుంచి లెక్క చూసుకునేవాడు. అతను అట్లా ఫోనులో అడుగుతుంటే పద్మమ్మ అదే అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బియ్యంలో మెరికలు ఏరుతూనో కూర్చునేది. ఒక్కనాడూ మధ్యలో మాట కలపలేదు.

అన్నీ అడిగిన సిద్దయ్య ఒక్కటి మాత్రం అడగలేదు. తొంభై నాలుగు మార్చిలో ఆ తెల్ల ఆసుపత్రిలో క్యాత్ ల్యాబు ఉందా? ఫణిభూషణ్ ఎదురుగా ఉన్నప్పుడల్లా ఆ ప్రశ్న నాలుక చివరికి వచ్చేది. చాయ్‌తో పాటు మింగేసేవాడు. ఉందంటే ఏం చేయాలో అతనికి తెలియదు. లేదంటే నమ్ముతాడో లేదో, అదీ తెలియదు.

ఏళ్లు గడిచాయి. ద్రాక్ష పందిళ్లు పోయి ప్లాట్ల రాళ్లు లేచాయి. నర్సయ్య తోట కూడా పోయింది, కడీలు మాత్రం కొన్ని ఇంటి వెనక పడి ఉన్నాయి. ఫణిభూషణ్ తెల్ల ఆసుపత్రి వదిలి సికింద్రాబాద్‌లోనే ఇంకో ఆసుపత్రిలో గుండె గొట్టాలు తెరిచే డాక్టరయ్యాడు. సిద్దయ్య జీపు అమ్మి మారుతీ వ్యాను కొన్నాడు. మనిషిని పడుకోబెట్టడానికి వెనక సీటు పీకేయించాడు. చేతికి సెల్‌ఫోను కూడా వచ్చింది.

రెండువేల మూడు ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. బహదూర్‌పల్లి కొత్త కాలనీ నుంచి శేషారత్నం గారట, నంబరు కిరాణా కొట్టతను ఇచ్చాడట.

"మా ఆయనకి తెల్లారిన దగ్గర్నుంచీ గుండెల్లో మంటగా ఉందంటున్నారండీ. అరగలేదేమోనని వాము నీళ్లిచ్చాను. మీరు తొందరగా బండి తీసుకురండి."

"అమ్మా, సారుకు సేతులు సల్లగున్నయా?"

"అదేంటండీ, బండి అడిగితే చేతులంటారు!"

"పట్టుకొని జూడుండ్రమ్మా. జర జల్దీ."

ఆమె వెళ్లి వచ్చేసరికి గొంతు మారిపోయింది. "చల్లగా ఉన్నాయండీ. చెమటలు కారిపోతున్నాయి. పిలిస్తే పలుకుతున్నారు గానీ ఏదేదో అంటున్నారు. పొద్దున్నించీ బాత్రూముకి కూడా లేవలేదు."

మూడింటికీ చెడ్డ జవాబే. "ఇంక ఏం తాపకుండ్రి. నడిపియ్యకుండ్రి. వస్తున్న," అని పెట్టేసి, అట్ట వైపు చూడకుండానే మిగతా మూడూ అడగడం మొదలుపెట్టాడు. తెల్ల ఆసుపత్రిలో మిషన్ రిపేరు, ఇంజనీరు రేపొస్తాడు. రెండో చోట డాక్టరు ఏదో మీటింగుకు విశాఖపట్నం పోయాడు. మూడోసారి ఫణిభూషణ్ ఇంటికే చేశాడు. ఆయన కూడా ప్రశ్నలు తక్కువ అడిగే రకం కాదు. వయసెంత, ఎప్పటినుంచి, బీపీ ఎవరైనా చూశారా అన్నీ అడిగి, "బెలూన్ పంపు ఖాళీగానే ఉంది. నేను ఇరవై నిమిషాల్లో అక్కడుంటాను. టెక్నీషియన్‌కి నేను చెప్తా. నువ్వు గేటు దగ్గర ఆగకు, సీదా వెనకవైపు లిఫ్టు దగ్గరికి తే," అన్నాడు.

శేషారత్నం భర్త వెంకటేశ్వరరావు గారు రిటైరైన లెక్కల మాస్టారు. వ్యానులో పడుకోబెట్టినా, మగతలో ఎవరికో ఎక్కాలు అప్పజెప్పమని చెప్తున్నాడు. శేషారత్నం ఆయన పక్కన కూలబడి చేతులు రుద్దుతోంది. సుచిత్ర చౌరస్తా దగ్గరికి రాగానే ఆమె తలెత్తింది.

"కుడివైపు తిప్పండి. కూకట్‌పల్లి."

"సికిందరాబాద్‌ల ఫణిభూషణ్ డాక్టర్ సాబు ఎదురు జూస్తుండమ్మా."

"ఆయనెవరో మాకు తెలీదండీ! కూకట్‌పల్లిలో మా తెనాలి డాక్టరుగారున్నారు. మా అమ్మాయి చందన పురుడప్పుడు తల్లినీ బిడ్డనీ ఆయనే నిలబెట్టారు. మా వాళ్లకి ఎవరికేమొచ్చినా ఆయన దగ్గరికే. ఆయన చెయ్యి పడితే చాలు. తిప్పండి, మీకు దణ్ణం పెడతాను."

సిద్దయ్య కాలు బ్రేకు మీదికి పోయింది. తొమ్మిదేళ్ల కిందట బోయిన్‌పల్లిలో పోయినట్టే పోయింది. మాట వేరు, యాస వేరు, ఊరు వేరు. కానీ వెనక కూర్చున్నది తన వదినే అనిపించింది. తిప్పకుండా పోవచ్చు, స్టీరింగు తన చేతిలోనే ఉంది. కానీ ఆ మాస్టారు దారిలో పోతే, ఆవిడ బతికినన్నాళ్లూ ఆ కుడివైపు మలుపునే చూస్తూ ఉంటుంది. అట్లా చూడడం ఎట్లా ఉంటుందో అతనికి బాగా తెలుసు. వ్యానును రోడ్డు పక్కకు తీసి, సెల్‌ఫోను వెనక్కి అందించాడు.

"మీ డాక్టర్ సాబునే అడుగుండ్రమ్మా. సేతులు సల్లబడ్డయి, సోయి లేదు అని జెప్పుండ్రి. క్యాత్ ల్యాబు ఉన్నదా అడుగుండ్రి. ఆయన తెమ్మంటె గిప్పుడే తిప్పుత, మీ మీదొట్టు."

ఆమె నంబరు నొక్కింది. చెప్పింది. అడిగింది. అవతలి మాటలు సిద్దయ్యకు వినబడలేదు. ఆమె మాత్రం "అలాగే బాబూ... ఫణిభూషణ్ గారట... అలాగే," అంది. ఫోను ఇచ్చేస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఆయన దగ్గరికే పొమ్మంటున్నారు. తన దగ్గరికి తెస్తే మాస్టారు దక్కరంటున్నారు. ఇంకా ఆపారేంటండీ, పోనివ్వండి!"

ఆగింది రెండు నిమిషాలు. ఆదివారం కాబట్టి దారి ఖాళీగా ఉంది. లిఫ్టు దగ్గర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. తడిజుట్టుతో, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుని ఫణిభూషణ్ నిలబడి ఉన్నాడు.

గొట్టం తెరిచారు. బెలూన్ మూడు రోజులు గుండెకు సాయం పట్టింది. నాలుగో రోజున మాస్టారు కళ్లు తెరిచి, నర్సు రాసుకున్న సెలైన్ సీసాల లెక్కలో కూడిక తప్పు పట్టాడట. ఆ మాట చెప్పి శేషారత్నం నవ్వుతూ ఏడ్చింది, సిద్దయ్య చేతిలో సున్నుండల డబ్బా పెట్టింది. పదకొండో రోజున ఇంటికి పంపేశారు.

ఆ రోజున వాళ్లను బహదూర్‌పల్లిలో దింపకముందే, ఆసుపత్రి వరండాలో ఫణిభూషణ్ ఒక్కడే దొరికాడు. డబ్బాలోంచి తీసి కాగితంలో పెట్టి ఇచ్చిన సున్నుండ చేతిలో పట్టుకుని ఆయన నిలబడి ఉంటే, సిద్దయ్యకు ఎక్కడలేని తెగింపు వచ్చింది.

"సార్, ఒకటి అడుగుత. తెల్ల ఆసుపత్రిల క్యాత్ ల్యాబు ఎప్పుడు వెట్టిండ్రు?"

"తొంభై రెండులో. ఎందుకు?"

సిద్దయ్య గోడకు ఆనుకున్నాడు. "తొంబై నాలుగు మార్చిల, పగటీలి, మా అన్నను సీదా ఆడికి తీస్కపోతే బతుకుతుండెనా?"

ఫణిభూషణ్‌కు అప్పుడు అర్థమైంది, ఎనిమిదేళ్లుగా ఈ మనిషి తనను ఎందుకు పట్టి పీడిస్తున్నాడో. సున్నుండను మళ్లీ కాగితంలో చుట్టాడు.

"అబద్ధం చెప్పను సిద్దయ్యా. ఆ రోజుల్లో పదిమందిలో ముగ్గురు బతికేవారేమో. మీ అన్న ఆ ముగ్గురిలో ఉండేవాడో, ఈ ఏడుగురిలో ఉండేవాడో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

పదిమందిలో ముగ్గురు. బహదూర్‌పల్లి పోయి, అక్కణ్నుంచి మేడ్చల్ వచ్చేదాకా సిద్దయ్య నోట్లో అదే తిరిగింది. ఏడ్వడానికి చాలదు, ఊరుకోవడానికీ చాలదు. ఇదేం జవాబు! తొమ్మిదేళ్లు దాచుకున్న ప్రశ్నకు ఇంత ముక్కేనా దొరికేది?

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా వాలలేదు. పద్మమ్మ అరుగు మీద బియ్యం చాట ముందు పెట్టుకుని ఉంది. అతని మొహం చూసి చాట పక్కన పెట్టింది.

"మాస్టరు మంచిగనే ఉన్నడా?"

"మంచిగున్నడు వదినా. ఇంటికి పంపిండ్రు."

"మరేంది గట్లున్నవ్?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పేద్దామనే వచ్చాడు. ఆమె మొహం చూశాక నోరు వేరే మాట పలికింది.

"ఏం లేదు. ఇయ్యాల డాక్టర్ సాబును అన్న సంగతి అడిగిన. తెల్ల ఆసుపత్రిల అప్పుడు గా మిషన్ లేకుండెనట. ఆడికి వోయినా ఏం గాకపోతుండె అన్నడు."

ఊరివాళ్లకు ఇన్నేళ్లుగా ఒక్క తప్పు కబురు కూడా ఇవ్వని మనిషి, వదినకు ఇచ్చిన మొదటి తప్పు కబురు అది. పద్మమ్మ బియ్యంలోంచి ఒక మెరిక ఏరి వాకిట్లోకి విసిరింది.

"ఉండె," అంది.

సిద్దయ్య తలెత్తాడు.

"రెండేండ్ల ముంగటనే వెట్టిండ్రు. దినాలైన నెలకే బస్సెక్కి వోయిన. మా అవ్వగారింటికి పోతున్న అని జెప్పి వోయిన, యాదికున్నదా? గేటుకాడ ఆయమ్మను అడిగిన. ఆమె లోపలికి తోల్కపోయి గా మిషన్ అర్ర తలుపు గుడ చూపెట్టింది."

"మరి నాకెందుకు జెప్పలె వదినా? తొమ్మిదేండ్లు!"

"జెప్తె నువ్వు మల్ల బండి ముట్టుకుందువా? యాడికి పోవాల్నో జెప్పింది నేను. నడిపింది నువ్వు. ఇద్దరం కూలవడితె పిల్లలను ఎవరు సాదుదురు? నీకు ఎరుక లేదనుకున్న. నీకు ఎరుక లేకుంట ఉండనీ అనుకున్న."

సిద్దయ్య మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లు రాని ఏడుపు అప్పుడొచ్చింది, భుజాలు ఎగిరెగిరి పడేలా వచ్చింది. పద్మమ్మ ఊరుకోమనలేదు. అరుగు దిగి వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. పది మందిలో ముగ్గురి సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఆమె విని, "ముగ్గురా," అని మాత్రం అంది.

అరుగు మీద ఫోను మోగింది. సిద్దయ్య కళ్లు తుడుచుకుంటూ లేవబోయాడు. పద్మమ్మ అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది. పైటకొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను ఎత్తింది. ఆమెకు అక్షరాలు రావు, మేకుకు తగిలించిన అట్ట వైపు చూడాల్సిన పని కూడా పడలేదు.

అవతల ఎవరో గాభరాగా ఏదో చెప్పుకుపోతున్నారు. ఆమె కాసేపు విని, మధ్యలోనే ఆపింది.

"బండి వస్తది బిడ్డా, పరేషాన్ గాకు. ముందుగాల గిది జెప్పు. సేతులు సల్లగున్నయా?"